సైలెన్సర్ మారిస్తే ఫ్యూయెల్ మ్యాప్ కూడా మార్చాలా? స్లిప్-ఆన్, ఫుల్ సిస్టమ్ చర్చ

నల్లతారు:
బండి ఫ్యూయెల్ ఇంజెక్షన్, సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూలింగ్, సుమారు 400 సీసీ. కంపెనీ సైలెన్సర్ తీసేసి స్లిప్-ఆన్ (చివరి సైలెన్సర్ ఒక్కటే మార్చేది) వేద్దామని ఉంది. తర్వాత కుదిరితే బెండ్ పైప్‌తో (ఇంజన్ నుంచి బయల్దేరే పైపు) సహా ఫుల్ సిస్టమ్. ఎవరిని అడిగినా రెండే జవాబులు వస్తున్నాయి. "ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దానంతటదే సర్దుకుంటుంది, ఏమీ అక్కర్లేదు" అని కొందరు. "మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే టేబుల్) చేయించకపోతే లీన్ (గాలికి తగినంత పెట్రోల్ లేకపోవడం) అయి పిస్టన్ పోతుంది" అని ఇంకొందరు. అసలు ఈసీయూ ఎంతవరకు సర్దుకోగలదు, ఎక్కడ చేతులెత్తేస్తుంది? కారణంతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

లాంబ్డా_ఒకటి:
రెండు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎక్కడ వర్తిస్తుందో తెలియాలంటే ఈసీయూ పెట్రోల్ లెక్క ఎలా వేస్తుందో చూడాలి.

బైకుల్లో గాలిని నేరుగా కొలిచే సెన్సర్ దాదాపు ఉండదు. థ్రాటిల్ కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు ఇంటేక్ ప్రెషర్ (ఎంఏపీ సెన్సర్), ఆర్‌పీఎం చూసి ఈసీయూ గాలిని అంచనా వేస్తుంది. థ్రాటిల్ బాగా తెరిస్తే ప్రెషర్ పెద్దగా మారదు కాబట్టి థ్రాటిల్ పొజిషన్ (టీపీఎస్), ఆర్‌పీఎం చూసి టేబుల్‌లో రాసిపెట్టిన అంకె తీసుకుంటుంది. ఆ టేబుల్ కంపెనీ సైలెన్సర్, కంపెనీ ఎయిర్ ఫిల్టర్ పెట్టుకుని తయారుచేసినది. మీరు పైప్ మార్చినందువల్ల ఫుల్ థ్రాటిల్‌లో గాలి ఎక్కువ పోతే ఆ సంగతి ఈసీయూకి తెలిసే దారి లేదు.

ఇక ఓ2 సెన్సర్, అంటే ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ని చూసేది. చాలా బైకుల్లో ఉండేది నారోబ్యాండ్ రకం. 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య తిరుగుతూ, లాంబ్డా 1 (గాలి, పెట్రోల్ సరిగ్గా సరిపోయే పాళ్లు) దగ్గర 0.45 చుట్టూ ఒక్కసారిగా అటో ఇటో దూకుతుంది. "రిచ్" (పెట్రోల్ ఎక్కువ), "లీన్" అని చెప్తుంది గానీ "ఎంత" అన్నది చెప్పలేదు. అందుకే ఈసీయూ దాని మాట ఐడిలింగ్‌లో, నిలకడైన వేగంలో, తేలికపాటి థ్రాటిల్‌లో మాత్రమే వింటుంది. దాన్ని క్లోజ్డ్ లూప్ అంటాం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, గట్టిగా పికప్ ఇచ్చినప్పుడు, ఫుల్ థ్రాటిల్‌లో ఓపెన్ లూప్. అక్కడ టేబుల్ చెప్పిందే వేదం.

కాబట్టి "ఈసీయూ సర్దుకుంటుంది" అన్నది క్లోజ్డ్ లూప్‌లో నిజం, ఫుల్ థ్రాటిల్‌లో అబద్ధం. కొన్ని ఈసీయూలు క్లోజ్డ్ లూప్‌లో నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్‌ని (పెట్రోల్ సవరణ శాతాన్ని) ఓపెన్ లూప్‌కి కూడా కొంత వాడతాయి, కొన్ని అస్సలు వాడవు. బండి బండికీ తేడా ఉంటుంది.

డైనోరోలర్:
పైన రాసింది సరిగ్గా ఉంది. దానికి అంకెలు కలుపుతాను.

పెట్రోల్‌కి స్టోకియోమెట్రిక్ నిష్పత్తి (పూర్తిగా కాలడానికి సరిగ్గా సరిపోయే గాలి, పెట్రోల్ బరువుల నిష్పత్తి, అంటే లాంబ్డా 1) 14.7:1. గరిష్ఠ పవర్ సాధారణంగా లాంబ్డా 0.86 నుంచి 0.90 మధ్య, అంటే ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) 12.6 నుంచి 13.2 దగ్గర వస్తుంది. కంపెనీ మ్యాప్ ఫుల్ థ్రాటిల్‌లో 12.8 ఇస్తోంది అనుకుందాం. స్లిప్-ఆన్ వల్ల గాలి 3 శాతం పెరిగింది, పెట్రోల్ మారలేదు. 12.8 ని 1.03 తో గుణిస్తే 13.2. ఇంకా పవర్ పరిధిలోనే ఉంది. పిస్టన్ కరిగే మాటే లేదు. పైగా సింగిల్ స్లిప్-ఆన్‌లో, క్యాట్ (పొగని శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్) బెండ్ పైప్‌లోనో మధ్య పైపులోనో అలాగే ఉండిపోతే, గాలికి అసలు అడ్డం ఆ క్యాటే కాబట్టి 3 శాతం కూడా పెరగకపోవచ్చు.

ఫుల్ సిస్టమ్ వేరే కథ. క్యాట్ పోతుంది, బెండ్ పైప్ పొడవు, వ్యాసం మారతాయి. ఎగ్జాస్ట్ పైపులో వెనక్కి వచ్చే ప్రెషర్ తరంగాలు ఏ ఆర్‌పీఎంలో వాల్వ్ దగ్గరికి చేరతాయో దాన్ని బట్టి సిలిండర్ నిండేది మారుతుంది. అందుకే తేడా అన్ని చోట్లా ఒకేలా రాదు. ఒక ఆర్‌పీఎం దగ్గర 8 శాతం లీన్, మరో 1500 ఆర్‌పీఎం పైన సరిగ్గా, ఇంకాస్త పైన 4 శాతం రిచ్ కూడా కావచ్చు. "మొత్తం మీద 5 శాతం పెంచితే చాలు" అనే సలహా ఫుల్ సిస్టమ్‌కి పనికిరానిది ఇందుకే.

ఒక్క మాటలో నా లెక్క: క్యాట్ ఉంచిన స్లిప్-ఆన్‌కి మ్యాప్ అక్కర్లేదు. క్యాట్ లేని ఫుల్ సిస్టమ్‌కి కావాలి. దానికి తోడు ఎయిర్‌బాక్స్ మూత తీసేసినా, ఓపెన్ ఫిల్టర్ వేసినా తప్పనిసరి. నిజానికి ఎగ్జాస్ట్ కంటే ఇంటేక్ వైపు మార్పే మిశ్రమాన్ని ఎక్కువ కదిలిస్తుంది. దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఏడోగేరు:
స్లిప్-ఆన్‌కి అక్కర్లేదు అంటే ఒప్పుకోను అన్నా. స్లిప్-ఆన్ వేసిన బండ్లలో సగానికి సగం, థ్రాటిల్ వదిలేసినప్పుడు టపటపా పేలుతుంటాయి. పాపింగ్ ఉందంటే లీన్ అనే కదా అర్థం? లీన్ అయితే మ్యాప్ కావాల్సిందే కదా?

లాంబ్డా_ఒకటి:
ఏడోగేరు గారూ, ఆ పాపింగ్ ఫుల్ థ్రాటిల్‌లో వస్తే మీ వాదన నిలబడేది. థ్రాటిల్ మూసినప్పుడు వచ్చేదానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి, అందులో మ్యాప్‌తో సంబంధం ఉన్నది ఒక్కటే.

మొదటిది లీకేజీ. సైలెన్సర్ జాయింట్ దగ్గర చిన్న సందు ఉన్నా, ఎగ్జాస్ట్ పల్స్‌కీ పల్స్‌కీ మధ్య ప్రెషర్ పడిపోయినప్పుడు బయటి గాలి లోపలికి వస్తుంది. పైపులో మిగిలిన పెట్రోల్ ఆవిరికి ఆక్సిజన్ దొరికి పేలుతుంది. ఇదే చాలా ఎక్కువగా కనిపించేది.

రెండోది సెకండరీ ఎయిర్. పెయిర్ అనీ, ఏఐఎస్ అనీ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. ఎయిర్‌బాక్స్ నుంచి ఎగ్జాస్ట్ పోర్ట్‌లోకి రీడ్ వాల్వ్ ద్వారా గాలి పంపి, కాలని పెట్రోల్‌ని అక్కడే కాల్చే ఏర్పాటు. కంపెనీ సైలెన్సర్‌లో కూడా ఆ మంట ఉంటుంది. లోపలి గదులు, క్యాట్ ఆ శబ్దాన్ని మింగేస్తాయి. గొట్టంలాంటి సైలెన్సర్ వేస్తే అదే మనకి వినిపిస్తుంది.

మూడోది డిసెలరేషన్ మ్యాప్. థ్రాటిల్ మూసినప్పుడు ఈసీయూ పెట్రోల్ పూర్తిగా ఆపే ముందు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మిశ్రమం మంట సరిగా అంటుకోనంత పల్చగా అవుతుంది. సిలిండర్‌లో కాలనిది పైపులో కాలుతుంది. ఇది మాత్రం మ్యాప్‌తో సరిచేయదగ్గది.

ముందు లీక్ చూడాలి, తర్వాత పెయిర్, ఆఖరున మ్యాప్. వరస తలకిందులు చేస్తే లీకేజీకి పెట్రోల్ మందు వేసినట్టవుతుంది.

వెల్డ్‌మచ్చ:
లీక్ విషయంలో నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే నష్టం పాపింగ్ దగ్గర ఆగదు. ఓ2 సెన్సర్‌కి ముందున్న జాయింట్ లీకైతే బయటి గాలిలోని ఆక్సిజన్ సెన్సర్‌కి తగులుతుంది. సెన్సర్ "లీన్" అంటుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. ఇంజన్ నిజానికి రిచ్‌గా నడుస్తుంది, మైలేజ్ పడిపోతుంది, ప్లగ్ నల్లబడుతుంది. సెన్సర్ మాత్రం ఇంకా లీన్ అనే చెప్తుంటుంది. ఇలాంటి బండికి మ్యాప్ చేస్తే, ఆ లీక్‌కి మ్యాప్ చేసినట్టే.

బిగించేటప్పుడు:

పోర్ట్ దగ్గర రాగి గాస్కెట్ ఒకసారి నలిగితే మళ్లీ సీల్ కాదు. బెండ్ పైప్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతది పోర్ట్‌లోనే అతుక్కుపోయి ఉండొచ్చు. దాని మీదే కొత్తది పెట్టి బిగించడం తరచుగా జరిగే తప్పు. టార్చ్ వేసి చూడండి.

అన్ని నట్లూ, క్లాంపులూ ముందు చేత్తోనే వదులుగా ఎక్కించాలి. తర్వాత పోర్ట్ నట్లు రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా. ఎం8 స్టడ్‌కి సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకే వాడండి. ఆ తర్వాత మధ్య జాయింట్లు. సైలెన్సర్‌ని ఫ్రేమ్‌కి పట్టుకునే బోల్ట్ ఆఖరున. ముందే దాన్ని బిగిస్తే పైపు మెలిక పడి జాయింట్ ఎప్పుడూ ఒక పక్క నోరు తెరిచే ఉంటుంది, బ్రాకెట్ దగ్గర వెల్డ్ పగులుతుంది.

స్లిప్ జాయింట్‌లో సీలెంట్ వాడితే ఎగ్జాస్ట్ వేడికి తట్టుకునేది, సెన్సర్‌కి హాని చేయనిది అయి ఉండాలి. మామూలు సిలికాన్ పేస్ట్ ఆవిరి ఓ2 సెన్సర్‌ని చంపేస్తుంది.

స్టార్ట్ చేసేముందు పైపు మీద వేలిముద్రలు స్పిరిట్‌తో తుడవండి, లేకపోతే వేడికి శాశ్వతంగా మచ్చలవుతాయి. ఒకసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ చూడండి. కొంత వదులవడం మామూలే.

లీక్ పరీక్ష: ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ నోరు కొన్ని క్షణాలు సగానికి పైగా మూయండి. జాయింట్ల దగ్గర చుస్‌మన్న శబ్దం వినిపిస్తే అక్కడే. సబ్బునీళ్లు కొడితే బుడగలు వస్తాయి. వేడెక్కాక ఈ పని చేయకండి, చెయ్యి కాలుతుంది.

నల్లతారు:
లీక్ విషయం చాలా ఉపయోగం. ఇంకో ప్రశ్న. చాలా ఫుల్ సిస్టమ్‌లలో ఓ2 సెన్సర్ పెట్టే చోటే ఉండదంట. అప్పుడేం చేయాలి? సెన్సర్ ప్లగ్ విప్పేసి వదిలేయొచ్చా?

వెల్డ్‌మచ్చ:
వదిలేయకండి. సెన్సర్ సర్క్యూట్ తెగితే చెక్ ఇంజన్ లైట్ వస్తుంది, కొన్ని బండ్లు లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిపే రక్షణ స్థితి) పోతాయి.

మొదటి ఎంపిక పైపుకి బంగ్ (సెన్సర్ బిగించే థ్రెడ్ ఉన్న రింగు) వెల్డ్ చేయించడం. సెన్సర్ థ్రెడ్ ఏదో ముందు కొలవండి. పెద్ద సెన్సర్లకి ఎం18, 1.5 పిచ్. చాలా బైకుల్లోని చిన్నవాటికి ఎం12, 1.25 పిచ్. కంపెనీ పైపులో సెన్సర్ పోర్ట్ నుంచి ఎంత దూరంలో ఉందో సుమారుగా అక్కడే పెట్టాలి. సెన్సర్ నిలువుగానో ఏటవాలుగానో పై వైపు ఉండాలి, అడ్డంగా పెట్టినా కనీసం 10 డిగ్రీలు పైకి వంపు ఉండాలి. కింద వైపు పెడితే చల్లని స్టార్ట్‌లో పైపులో చేరిన నీరు వేడి సెరామిక్ మీద పడి పగులుతుంది. వెల్డ్ చేసేటప్పుడు సెన్సర్ తీసేసి బోల్ట్ బిగించండి, బంగ్ వంకర పోకుండా ఉంటుంది. థ్రెడ్‌కి యాంటీ-సీజ్ (పట్టేయకుండా రాసే పేస్ట్) కొద్దిగా, మొనకి తగలకుండా. ఎం12 అయితే 20-25, ఎం18 అయితే 40-50 న్యూటన్ మీటర్లు.

రెండో ఎంపిక ఓ2 ఎలిమినేటర్. సెన్సర్ ఉందని ఈసీయూని నమ్మించే చిన్న రెసిస్టర్ ప్లగ్. క్లోజ్డ్ లూప్ ఆగిపోతుంది, ఈసీయూ ప్రతిచోటా టేబుల్ అంకెలతోనే నడుస్తుంది. ఇది వేశాక ఫుల్ సిస్టమ్‌కి మ్యాప్ లేకుండా తిరగడం సరైన పని కాదు. సర్దుకోవడానికి ఉన్న ఒక్క దారినీ మీరే మూసేశారు కాబట్టి.

జెట్‌సూది:
కార్బ్ (కార్బ్యురేటర్) బండ్ల వాళ్లు కూడా ఈ చర్చ చదువుతున్నారు కాబట్టి. కార్బ్‌కి సర్దుకునే తెలివి లేదు. కాబట్టి సైలెన్సర్ మారిస్తే జెట్టింగ్ (పెట్రోల్ వచ్చే రంధ్రాల సైజులు) చూడటం ఇంజెక్షన్ కంటే ఎక్కువ అవసరం. ఏ భాగం ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. థ్రాటిల్ మూసిన స్థితి నుంచి పావు వంతు లోపు పైలట్ జెట్, స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్.

స్లిప్-ఆన్ మాత్రమే అయితే: పైలట్ స్క్రూ పావు నుంచి అర తిప్పు రిచ్ వైపు, నీడిల్ కింద 0.5 మిల్లీమీటర్ వాషర్. ఇంతతో చాలాసార్లు సరిపోతుంది. మెయిన్ జెట్ ఒక్క సైజే పెంచి చూడాలి. ఒకేసారి మూడు సైజులు పెంచేస్తే పైన మూగబోతుంది.

స్క్రూ విషయంలో జాగ్రత్త. ఇంజన్ వైపు ఉంటే ఫ్యూయెల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే ఎయిర్ స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. ఇది తారుమారు చేసి, లీన్ బండిని ఇంకా లీన్ చేసేస్తుంటారు.

పరీక్షకి హ్యాండిల్ గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీయండి. నాలుగో గేరులో ఒక్కో గీత దగ్గర నిలకడగా నడపండి. థ్రాటిల్ కొద్దిగా మూయగానే బండి ఊపందుకుంటే అక్కడ లీన్. ఇంకా మూగబోతే రిచ్. ఒకసారికి ఒక్క భాగమే మార్చాలి.

టూస్ట్రోక్_పొగ:
టూ స్ట్రోక్ వాళ్లు మాత్రం పైన స్లిప్-ఆన్ గురించి చెప్పిన ధీమా మీకు వర్తిస్తుందనుకోవద్దు. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (టూ స్ట్రోక్ ఎగ్జాస్ట్‌లోని ఉబ్బిన పైపు) మార్చడమంటే ఇంజన్ స్వభావమే మార్చడం. పెట్రోల్‌తో పాటే ఆయిల్ లోపలికి వెళ్లే ఇంజన్లలో లీన్ అంటే మంట వేడి పెరగడం, లూబ్రికేషన్ తగ్గడం రెండూ ఒకేసారి. పిస్టన్ పట్టేస్తుంది. మెయిన్ జెట్ కావాలనే పెద్దది వేసి మొదలుపెట్టి, ప్లగ్, పిస్టన్ పైభాగం చూసుకుంటూ ఒక్కో సైజు కిందికి దిగాలి. కింది నుంచి పైకి ఎప్పుడూ వెళ్లకూడదు.

ఏడోగేరు:
పాపింగ్ విషయంలో లాంబ్డా గారి వరస సబబుగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఫుల్ సిస్టమ్‌కి అంత ఖర్చుపెట్టి డైనో (బండిని రోలర్ మీద నడిపి కొలిచే యంత్రం) మీద మ్యాప్ ఎందుకు? ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ వైరుకి పెట్టే చిన్న ప్లగ్‌లు దొరుకుతున్నాయి కదా. వాటితో పని అవ్వదా?

లాంబ్డా_ఒకటి:
అవి చేసేది ఒక్కటే: గాలి నిజంగా ఉన్నదానికంటే చల్లగా ఉందని ఈసీయూకి చెప్పడం. 27 డిగ్రీల గాలిని 7 డిగ్రీలుగా చూపిస్తే, కెల్విన్‌లో 300 బదులు 280. గాలి సాంద్రత దాదాపు 7 శాతం ఎక్కువని ఈసీయూ అనుకుని అంత పెట్రోల్ కలుపుతుంది. కలపడం ప్రతిచోటా ఒకేలా. డైనోరోలర్ గారు పైన చెప్పినట్టు ఫుల్ సిస్టమ్‌లో లోటు ప్రతిచోటా ఒకేలా ఉండదు. రిచ్‌గా ఉన్నచోట ఇంకా రిచ్ అవుతుంది. పైగా క్లోజ్డ్ లూప్‌లో ఓ2 సెన్సర్ ఆ అదనపు పెట్రోల్‌ని చూసి తీసేస్తుంది, అంటే ఐడిలింగ్, నిలకడ వేగాల్లో చివరికి ఏమీ మారదు. చల్లని స్టార్ట్‌లో అనవసరంగా రిచ్. కంపెనీ మ్యాప్ మరీ లీన్‌గా ఉండి థ్రాటిల్ తెరిచేటప్పుడు జర్క్ ఇచ్చే బండికి కొంత ఉపశమనం, అంతే. ఫుల్ సిస్టమ్‌కి అది మ్యాప్ కాదు.

అసలైన దారులు రెండు. ఒకటి పిగ్గీబ్యాక్: పవర్ కమాండర్, ర్యాపిడ్ బైక్ లాంటి పెట్టెలు. ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చుని, థ్రాటిల్ శాతం, ఆర్‌పీఎంని బట్టి ఒక్కో గడిలో పెట్రోల్ పెంచడం, తగ్గించడం చేస్తాయి. విప్పేస్తే బండి మళ్లీ యథాతథం. క్లోజ్డ్ లూప్ ప్రాంతంలో ఓ2 సెన్సర్‌కి కూడా ఏదో ఒక ఏర్పాటు లేకపోతే, పెట్టె కలిపింది ఈసీయూ తీసేస్తూ ఉంటుంది.

రెండోది ఈసీయూ ఫ్లాష్: అసలు టేబుళ్లే మార్చడం. పెట్రోల్‌తో పాటు ఇగ్నిషన్ టైమింగ్, డిసెలరేషన్ ఫ్యూయెల్ కట్, రైడ్-బై-వైర్ (థ్రాటిల్‌ని కేబుల్ బదులు మోటర్ తెరిచే) బండ్లలో థ్రాటిల్ తెరుచుకునే తీరు కూడా చేతికి వస్తాయి. మీ ఈసీయూకి ఫ్లాష్ సదుపాయం ఉంటే నా ఓటు దీనికే. కంపెనీ అసలు ఫైల్ ముందు చదివి దాచుకోవడం మరిచిపోకండి. ఫ్లాష్ జరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే ఈసీయూ పాడవుతుంది, ఛార్జర్ తగిలించి చేయండి.

నిదానం:
నాకు పవర్ అక్కర్లేదు, కింది ఆర్‌పీఎంలో లాగుడు పోకూడదు. "బ్యాక్ ప్రెషర్ (ఎగ్జాస్ట్‌కి పైపులో ఎదురయ్యే ఒత్తిడి) పోతే టార్క్ పోతుంది" అంటారు. నిజమేనా? సైలెన్సర్‌లో ఉన్న డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే లోపలి ముక్క) తీసేస్తే అందుకేనా కింద నీరసపడేది?

డైనోరోలర్:
ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ అవసరం ఎప్పుడూ లేదు. కావాల్సింది ఎగ్జాస్ట్ గ్యాస్ వేగం, సరైన సమయానికి వచ్చే తరంగం. పైపు మరీ వెడల్పైతే కింది ఆర్‌పీఎంలో గ్యాస్ వేగం పడిపోతుంది. ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే క్షణంలో కాలిన గ్యాస్ వెనక్కి సిలిండర్‌లోకి వస్తుంది. టార్క్ పోవడానికి కారణం అదే. డీబీ కిల్లర్ తీస్తే శబ్దం పెరుగుతుంది, పైన కొద్దిగా గాలి పెరగొచ్చు, కింద కొన్ని బండ్లలో గుంట పడుతుంది. ఆ గుంట మిశ్రమం వల్ల వచ్చింది కాకపోతే మ్యాప్‌తో పూడదు. నిదానంగా నడిపేవాళ్లు డీబీ కిల్లర్ ఉంచడమే మేలు.

అలాగే యమహా ఎగ్జప్ లాంటి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉన్న బండ్లు. కింది ఆర్‌పీఎంలో పైపుని కొంత మూసి, పైన తెరిచే వాల్వ్ అది. చాలా ఫుల్ సిస్టమ్‌లలో ఆ వాల్వ్ ఉండదు. సర్వో మోటర్ వైరు ఊరికే విప్పేస్తే ఎర్రర్ కోడ్ వస్తుంది, సర్వో ఎలిమినేటర్ పెట్టాలి లేదా ఫ్లాష్‌లో ఆపాలి. వాల్వ్ పోయాక కింద ఆర్‌పీఎంలో టార్క్ తగ్గడం, మిశ్రమం మారడం రెండూ ఉంటాయి. ఇలాంటి బండికి మ్యాప్ తప్పదు.

నల్లతారు:
డైనోరోలర్ గారూ, ఫుల్ సిస్టమ్ వేసి మ్యాప్‌కి వెళ్తే అక్కడ ఏం చేస్తే సరిగ్గా చేసినట్టు? మూడుసార్లు ఫుల్ థ్రాటిల్ లాగి గ్రాఫ్ ప్రింట్ ఇచ్చేస్తే సరిపోతుందా?

డైనోరోలర్:
సరిపోదు. ఫుల్ థ్రాటిల్ గ్రాఫ్ అందరికీ చూపించుకోవడానికి బాగుంటుంది గానీ బండి నడిచేది ఎక్కువగా 5 నుంచి 40 శాతం థ్రాటిల్‌లో. సరైన పని ఇలా ఉంటుంది.

బండి ఆరోగ్యం ముందు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, వాల్వ్ క్లియరెన్స్, ఇంటేక్ రబ్బర్ పగుళ్లు, ఫ్యూయెల్ ప్రెషర్. చాలా బైకుల్లో ప్రెషర్ 3 బార్ చుట్టూ ఉంటుంది. పంపు ఫిల్టర్ మూసుకుపోయి 2.5 కి పడిపోతే పైన లీన్ అవుతుంది, నింద సైలెన్సర్ మీద పడుతుంది.

పెయిర్ గొట్టం తాత్కాలికంగా మూసేయాలి. లేదంటే అది పంపే గాలి వైడ్‌బ్యాండ్‌కి (ఎంత లీన్, ఎంత రిచ్ అన్నది కూడా చెప్పే సెన్సర్) లీన్‌గా కనిపిస్తుంది.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ బెండ్ పైప్ బంగ్‌లో ఉండటం ఉత్తమం. సైలెన్సర్ నోట్లో కొద్దిగా దూర్చి పెడితే తక్కువ ఆర్‌పీఎంలో బయటి గాలి వెనక్కి లాగి తప్పుడు లీన్ చూపిస్తుంది. క్యాట్ తర్వాత కొలిచినా రీడింగ్ కొంత మారుతుంది. వైడ్‌బ్యాండ్‌ని కరెంట్ లేకుండా పైపులో ఉంచి ఇంజన్ నడపకూడదు, మసి పట్టి పాడవుతుంది.

తర్వాత బ్రేక్ ఉన్న డైనో మీద ఆర్‌పీఎం నిలబెట్టి, థ్రాటిల్ 2, 5, 10, 20, 40, 60, 80, 100 శాతాల దగ్గర ఒక్కో గడి కొలవాలి. లెక్క తేలిక: కొలిచిన లాంబ్డాని లక్ష్యం లాంబ్డాతో భాగించాలి. లక్ష్యం 0.88, కొలిచింది 0.94 అయితే 1.068, అంటే ఆ గడిలో 6.8 శాతం పెంచాలి. ఒక గడిలో 15, పక్క గడిలో మైనస్ 3 వస్తే అది ఇంజన్ అవసరం కాదు, కొలతలో పొరపాటు. మళ్లీ కొలవాలి. ట్విన్ అయితే ఒక్కో సిలిండర్‌కి విడిగా. వీ-ట్విన్‌లో ముందు, వెనక సిలిండర్లకి పైపు పొడవులే వేరు.

పైన పెట్రోల్ బాగా పెంచాల్సి వస్తే ఇంజెక్టర్ సామర్థ్యం చూసుకోవాలి. 10,000 ఆర్‌పీఎంలో ఫోర్ స్ట్రోక్ ఒక చక్రానికి పట్టేది 12 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ 10 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే ఇప్పటికే 83 శాతం. అక్కడినుంచి పెద్దగా జాగా లేదు.

ఇంగితం ఉన్న ట్యూనర్ నిలకడ వేగాల్లో మిశ్రమాన్ని లాంబ్డా 1 దగ్గరే ఉంచుతాడు, 0.88 ని ప్రతిచోటా రుద్దడు. ప్రతిచోటా రిచ్ చేస్తే మైలేజ్ పోతుంది, సిలిండర్ గోడ మీద ఆయిల్ కడుక్కుపోతుంది, క్యాట్ ఉంటే అది అతిగా వేడెక్కి లోపల కరుగుతుంది. మ్యాప్ అయ్యాక 5 నుంచి 20 శాతం థ్రాటిల్ గడుల అంకెలు చూపించమని అడగండి. అవన్నీ సున్నాలుగా ఉంటే పని జరిగింది ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే.

లాంబ్డా_ఒకటి:
దీనికి ఒకటి కలుపుతాను, ఎవరూ పట్టించుకోనిది. పెట్రోల్‌లో ఇథనాల్. శుద్ధ పెట్రోల్ స్టోకియోమెట్రిక్ 14.7 అయితే 10 శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 14.1. ఓపెన్ లూప్‌లో ఇంజెక్టర్ అంతే సేపు తెరిచినా దాదాపు 4 శాతం లీన్ అయినట్టే. స్లిప్-ఆన్ తెచ్చే తేడా కంటే ఇది తక్కువేమీ కాదు. 20 శాతం ఇథనాల్ అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి మీరు రోజూ ఏ పెట్రోల్ పోస్తారో అదే పోసుకుని మ్యాప్‌కి వెళ్లండి. అంకెలు ఏఎఫ్ఆర్‌లో కాకుండా లాంబ్డాలో మాట్లాడుకుంటే ఈ గందరగోళం ఉండదు. 0.88 అంటే ఏ పెట్రోల్‌కైనా 0.88 యే.

వెల్డ్‌మచ్చ:
ఆమోదం గురించి కూడా. ఈ-మార్క్ ఉన్న రీప్లేస్‌మెంట్ సైలెన్సర్లు ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 92 కింద ఆమోదం పొందుతాయి. అది ఒక్కో బండి మోడల్‌కి విడిగా, డీబీ కిల్లర్ ఉన్న స్థితికే ఇచ్చేది. డీబీ కిల్లర్ తీస్తే ఆ ముద్రకి విలువ లేదు. క్యాట్ తీసేయడం, పెయిర్ శాశ్వతంగా మూసేయడం చాలా దేశాల్లో రోడ్డు బండికి చట్టవిరుద్ధం. క్యాట్ తర్వాత రెండో ఓ2 సెన్సర్ ఉన్న బండ్లలో క్యాట్ తీస్తే చెక్ ఇంజన్ లైట్ కూడా వెలుగుతుంది. మ్యాప్ చేస్తే మిశ్రమం సరవుతుంది గానీ పొగ పరీక్షలో క్యాట్ చేసే పని మ్యాప్ చేయలేదు. రోడ్డు మీద తిరిగే బండికి క్యాట్ ఉంచే స్లిప్-ఆన్ చాలు అన్నది నా గట్టి అభిప్రాయం.

నల్లతారు:
అయితే ముందు స్లిప్-ఆన్‌తో ఆగుతాను. మ్యాప్ లేకుండా సరిగ్గానే నడుస్తోందని ఇంట్లోనే ఎలా నిర్ధారించుకోవాలి? రెండోది, ఎప్పుడైనా ఫుల్ సిస్టమ్ వేస్తే, బిగించిన చోటి నుంచి డైనో వరకు బండి నడపొచ్చా?

లాంబ్డా_ఒకటి:
మొదటిదానికి. మీ బండికి సరిపడే డయాగ్నొస్టిక్ కేబుల్, ఫోన్ యాప్ ఉంటే, సైలెన్సర్ మార్చకముందే ఇంజన్ వేడిగా ఉండగా షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ట్రిమ్ అంకెలు ఐడిలింగ్‌లోనూ, 4000 ఆర్‌పీఎం నిలకడలోనూ రాసుకోండి. స్లిప్-ఆన్ వేసి కొన్ని రోజులు నడిపాక అదే పరిస్థితుల్లో మళ్లీ చూడండి. రెండూ కలిపి 5 శాతం లోపు కదిలితే వదిలేయండి. 10 దాటితే ముందు లీక్ వెతకండి. ఐడిలింగ్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గుతుంటే అది లీక్ లక్షణం, ఎందుకంటే సందులోంచి వచ్చే గాలి తక్కువ ప్రవాహంలోనే పెద్ద వాటాగా కనిపిస్తుంది. ఆర్‌పీఎంతో పాటు ప్లస్ పెరుగుతుంటే ఫ్యూయెల్ ప్రెషర్ చూడండి.

ట్రిమ్ చదివే వీలు లేకపోతే లక్షణాలు: నిలకడ వేగంలో బండి ముందుకీ వెనక్కీ ఊగడం, థ్రాటిల్ వదిలాక ఆర్‌పీఎం కిందికి దిగకుండా వేలాడటం, పికప్‌లో తడబాటు, ఇవి లీన్ వైపు. పెట్రోల్ వాసన, సైలెన్సర్ నోటి దగ్గర తడి మసి, మైలేజ్ పడిపోవడం రిచ్ వైపు. ప్లగ్ రంగు ఒక్కదాన్నే నమ్మకండి, ఇప్పటి పెట్రోల్‌తో అది చాలా ఆలస్యంగా, అస్పష్టంగా చెప్తుంది.

డైనోరోలర్:
రెండోదానికి. ఓ2 సెన్సర్ పని చేస్తూ ఉంటే నడపొచ్చు. థ్రాటిల్ మూడో వంతు దాటకుండా, ఇంజన్‌ని పై ఆర్‌పీఎంకి తీసుకెళ్లకుండా, నిలకడగా. అది క్లోజ్డ్ లూప్ చూసుకునే ప్రాంతం. పెద్ద ఎత్తు ఎక్కడం, వెనక మనిషితో పై గేరులో లాగించడం మానండి. తెరిచిన థ్రాటిల్, తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్ కలిసినచోటే లీన్ మిశ్రమం నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) తెస్తుంది. ఓ2 ఎలిమినేటర్ పెట్టి, ఓపెన్ ఫిల్టర్ కూడా వేసి ఉంటే మాత్రం ట్రాలీ మీద తీసుకెళ్లండి. లేదా ఆ పైప్ తయారీదారు మీ మోడల్‌కి ఇచ్చిన బేస్ మ్యాప్ ముందే ఎక్కించి, దాంతో నిదానంగా వెళ్లండి.